పంటినొప్పి, ప్రాణవాయువు: హైదరాబాదు నుంచి భైంసా దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర సంగతి వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగి రెండు నెలలైంది. నేను చరిత్రకారుణ్ణి కాను. గుమాస్తాగా చేరి ముప్పయ్యేళ్లకు పైగా ఫైళ్లు కట్టి విప్పినవాణ్ణి. మొదట మన భైంసా పత్తి బజారు గురించి వ్రాద్దామని నాలుగు కాగితాలు నింపాను. తీరా చూస్తే అది మీలో చాలామందికి నాకంటే బాగా తెలిసిన విషయమే. ఆ కాగితాలు పక్కన పెట్టి, మన వయసువాళ్లకు అక్కరకు వచ్చే వేరొక సంగతి ఎత్తుకున్నాను. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకొని కాలం గడిపే మనిషికి పన్ను నొప్పి లేస్తే ఏం చేయాలి? ప్రశ్న ఇంతే. కానీ దీని వెనుక మన హైదరాబాదుకు సంబంధించిన నూటముప్పయ్యేళ్ల నాటి కథ ఒకటి ఉన్నది.

నాకంటే ఆరేళ్లు పెద్దవారు, మా ఆఫీసులోనే పనిచేసి రిటైరైన ఒక అన్న ఉండేవారు. పేరు వ్రాయను, వారి ఇంటివాళ్లకు ఇష్టం ఉండకపోవచ్చు. నలభయ్యేళ్లు బీడీ తాగారు. 2021 కరోనాలో బ్రతికి బయటపడ్డారు గాని ఊపిరితిత్తులు మునుపటిలా కాలేదు. ఛాతీ డాక్టరు నిమిషానికి 2 లీటర్ల చొప్పున రోజుకు పదిహేను గంటలకు తగ్గకుండా ఆక్సిజన్ పెట్టుకోమని వ్రాశారు. ఇంట్లో కాన్‌సెంట్రేటర్ మిషను, కరెంటు పోతే పనికి వచ్చేందుకు ఒక సిలిండరు, ముక్కుకు సన్నని గొట్టం. ఇదీ ఏర్పాటు. ఆ మనిషికి 2022 చలికాలంలో కింది దవడ పన్ను ఒకటి పుచ్చి, చెంప ఉబ్బి, వారం రోజులు జొన్నరొట్టె నోటికి పోలేదు. వదినె గటక కాచి పోస్తే అదే తాగారు. "తమ్మీ, ఊపిరి లేకున్నా ఓర్చుకుంట గని ఈ పన్నుతోని రాత్రి నిద్ర లేదు" అన్నారు.

తీసుకుపోయే బాధ్యత నామీద పడింది. ఆ ప్రయాణం ఎట్లా జరిగిందో తరువాత చెబుతాను. ముందు పాత కథ.

పన్ను పీకడానికీ మనిషి ఊపిరికీ ముడి వేసింది అమెరికా పంటి వైద్యులే. 1844 డిసెంబరులో హార్ట్‌ఫర్డ్ పట్టణంలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు అనే వాయువు పీల్చి, తన పన్నునే తోటి వైద్యుడి చేత పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. రెండేళ్లకు, 1846లో, విలియం మోర్టన్ అనే మరొక దంతవైద్యుడు ఈథరుతో బోస్టన్‌లో శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చి చూపించాడు. 1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం వాడాడు. అంటే ఈనాడు గుండె ఆపరేషనుకు కూడా ఇచ్చే మత్తు విద్యకు దారి తీసింది పంటినొప్పే.

అయితే క్లోరోఫారం వచ్చిన మూడు నెలల్లోపే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీసేటప్పుడు మత్తులోనే చనిపోయింది. ఆ తరువాత అటువంటి మరణాలు చాలా జరిగాయి. వాటిలో పంటివైద్యుడి కుర్చీలో కూర్చున్న మనుషులవీ ఉన్నాయి. ప్రాణం పోతున్నది గుండె ఆగడం వల్లనా, ఊపిరి ఆగడం వల్లనా అనే తగవు పుట్టింది. ఎడింబరోవాళ్లు ఊపిరి అన్నారు, లండనువాళ్లు గుండె అన్నారు. ఈ తగవు తీర్చడానికి మన హైదరాబాదు పూనుకున్నది.

1846లో హైదరాబాదులో రెసిడెన్సీ సర్జను మెక్లీన్ ఆధ్వర్యంలో వైద్య పాఠశాల మొదలైంది. అక్కడ పాఠాలు ఉర్దూలో చెప్పేవారు, ఉత్తీర్ణులైనవారిని హకీములనేవారు. 1885లో ఎడ్వర్డ్ లారీ అనే ఎడింబరో మనిషి రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. క్లోరోఫారం అంటే ఆయనకు అపారమైన నమ్మకం. ఊపిరిని కనిపెట్టుకొని ఉంటే ప్రమాదం లేదని ఆయన వాదం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఖజానా నుంచి ఖర్చు పెట్టగా 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషను ఏర్పడింది. వందకు పైగా కుక్కల మీద పరీక్షలు చేసి, ముందు ఊపిరి ఆగుతుంది, గుండె తరువాత ఆగుతుంది అని తేల్చారు. లండనులోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. నిజాం ప్రభువు ఆ పత్రికకు వెయ్యి పౌన్లు పంపి, మీ మనిషినే పంపి చూసుకోండి అన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు ఓడ ఎక్కి వచ్చాడు. రెండవ కమిషను కూర్చున్నది. వందలాది జంతువుల మీద నెలల తరబడి ప్రయోగాలు చేశారు. బ్రంటన్ కూడా లారీ మాటకే ఒప్పుకున్నాడు. ఆ నివేదిక 1890లో లాన్సెట్‌లో అచ్చైంది.

వెయ్యి పౌన్లు ఆ రోజుల్లో ఎంత పెద్ద మొత్తమో ట్రెజరీలో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర లేదు. ఒక సంస్థానాధీశుడు తన సొమ్ముతో విదేశీ వైద్యుల తగవు తీర్చబోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. పేద ప్రజల సొమ్ము కుక్కల పాలు చేశాడని ఎవరైనా విమర్శిస్తే కాదనలేను. కానీ మత్తువైద్య చరిత్ర పుస్తకాలలో హైదరాబాదు పేరు నిలిచింది దీనివల్లనే.

ఆ వైద్య పాఠశాలలో 1885లో చేరిన మొదటి అమ్మాయిలలో రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. ఆమె పార్సీ. లారీ దగ్గర క్లోరోఫారం ఇవ్వడం నేర్చుకొని రెసిడెన్సీ దవాఖానలోను, అఫ్జల్‌గంజ్ దవాఖానలోను ఆ పనే చేసింది. 1909లో ఎడింబరో వెళ్లి ఇంకా చదివి వచ్చింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలు ఆమెనే అని చెబుతారు. నా మనుమరాలు దంతవైద్యం చదవాలనుకొని చివరకు కంప్యూటర్లలో చేరింది. ఆమెకు ఈ రూపాబాయి కథ చెబితే పాఠ్యపుస్తకంలో లేదే అన్నది.

ఇంతకూ లారీ చెప్పింది నిజమా? సగమే నిజం. 1911లో లండనులో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, తక్కువ మత్తులో ఉన్నప్పుడు క్లోరోఫారం వల్ల గుండె ఉన్నట్టుండి గతి తప్పి ఆగిపోగలదని చూపించాడు. కమిషను తీర్పు కొట్టివేతకు గురైంది. మన భాషలో చెప్పాలంటే అప్పీలులో ఓడిపోయింది. అయినా రోగి ఊపిరి మీద కన్ను వేసి ఉంచండి అని లారీ తన శిష్యులకు నూరిపోసిన మాట మాత్రం వాడుకలో నిలిచింది.

ఇప్పుడు పంటి వైద్యులకు క్లోరోఫారంతో పని లేదు. మత్తు ఇవ్వకుండా ఆ చోటును మాత్రమే మొద్దుబరిచే సూది వచ్చింది. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ లిడోకైన్ కనిపెట్టాడు. మన డాక్టర్లు ఈనాడు చిగురుకు వేసే సూదిలో మందు ఎక్కువగా అదే. మన దేశంలో 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ మొదటి దంతవైద్య కళాశాల పెట్టారు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ప్రారంభమైంది. నా చిన్నతనంలో ఊళ్లలో పన్ను పీకేది మంగలి. ఇద్దరు తల పట్టుకునేవారు, ఆయన పటకారు పట్టేవాడు. ఆ రోజుల్లో ఊపిరి జబ్బు మనిషి ఆ కుర్చీ దాకా పోయేవాడు కాదు, అంతకు ముందే పోయేవాడు.

ఇంటి ఆక్సిజన్ కథ ఇంకా కొత్తది. 1774లో ప్రీస్ట్లీ ఈ వాయువును వేరు చేశాడు, పారిస్‌లో లవోజియే దానికి పేరు పెట్టాడు. రోగికి సక్రమంగా కొలిచి ఇవ్వడం మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు పీల్చిన సైనికులతో బలపడింది. ఇంట్లో నెలల తరబడి వాడితే లాభమా కాదా అని లెక్క తేలింది 1980, 1981లలో. అమెరికా పరీక్షలో 203 మంది రోగులు పాల్గొన్నారు. పగలూ రాత్రీ వాడినవాళ్లు రాత్రి మాత్రమే వాడినవాళ్లకంటే ఎక్కువ కాలం బ్రతికారు. బ్రిటన్ పరీక్షలో 87 మందిని రెండు పాళ్లుగా విడదీశారు. రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టిన 42 మందిలో అయిదేళ్లలో 19 మంది చనిపోయారు. పెట్టని 45 మందిలో 30 మంది చనిపోయారు. గుమాస్తా బుద్ధి కాబట్టి ఈ అంకెలు నాకు మనసున నిలిచిపోయాయి. మా అన్నకు డాక్టరు పదిహేను గంటలని వ్రాసింది ఆ లెక్క ప్రకారమే.

మన దగ్గర ఆక్సిజన్ అంటే ఏమిటో ఇంటింటికీ తెలిసింది 2021 వేసవిలో. ఏప్రిల్ 23న హైదరాబాదు బేగంపేట నుంచి యుద్ధ విమానాల దళం పెద్ద విమానాలలో ఖాళీ ట్యాంకర్లను ఒడిశాకు పంపింది. మే మొదట్లో అంగుల్ నుంచి ఆక్సిజన్ రైలు సనత్‌నగర్ చేరింది. అదే నెలలో తిరుపతిలో ట్యాంకరు ఆలస్యమై ఆసుపత్రిలో 11 మంది చనిపోయిన వార్త చదివి నేను ఆ పూట అన్నం తినలేదు. ఆ భయంతో కలిగినవాళ్లు కాన్‌సెంట్రేటర్లు కొన్నారు. జబ్బు తగ్గినాక కొన్ని మూలకు పడ్డాయి, కొన్ని ఇప్పటికీ మనలాంటివాళ్ల మంచాల పక్కన గుయ్యిమంటున్నాయి. ఆ మిషను మరేం చేయదు, గదిలోని గాలిని జియోలైట్ అనే పొడిగుండా తోసి, నైట్రోజన్‌ను ఆపి, తొంభై శాతానికి పైన ఉన్న ఆక్సిజన్‌ను బయటికి వదులుతుంది. దానికి కరెంటు కావాలి. సిలిండరుకు అక్కరలేదు. అందుకే రెండూ ఉండాలని డాక్టర్లు అంటారు.

మన ప్రాంతంలో ఈ జబ్బు ఎందుకు ఎక్కువ అని నన్నడిగితే నాకు మూడు కనబడతాయి: బీడీ, కట్టెల పొయ్యి పొగ, పత్తి దుమ్ము. పత్తి మిల్లుల్లో దుమ్ము పీల్చి ఛాతీ బిగిసే జబ్బుకు డాక్టర్లు వేరే పేరే పెట్టారు. కాబట్టి ఈ వ్యాసం మగవాళ్లకే అనుకోవద్దు. పొయ్యి ముందు నలభయ్యేళ్లు కూర్చున్న మన ఇల్లాళ్లకు కూడా.

ఇప్పుడు అన్నతో నేను చేసిన ప్రయాణానికి వస్తాను.

మొదటిసారి తీసుకుపోయిన చోట డాక్టరు కుర్రవాడు, పాపం భయపడ్డాడు. "ముక్కుల పైపు తీసేసి రాండ్రి సార్, ఆక్సిజన్ ఉంటే మిషన్ పెట్టినప్పుడు మంట లేస్తది" అన్నాడు. తీశారు. కుర్చీ వెనక్కి వాల్చి పడుకోబెట్టారు. నోరు తెరిచి రెండు నిమిషాలు కాకముందే అన్న పెదవులు నీలిరంగుకు తిరిగాయి. నేను కేకవేశాను. లేపి కూర్చోబెట్టి గొట్టం పెట్టినాక తేరుకున్నారు. డాక్టరు చేతులు వణికాయి. అతని పేరూ ఊరూ నేను చెప్పను. అతను దుర్మార్గుడు కాడు, అతనికెవరూ చెప్పలేదంతే. కానీ అన్న ఆ రోజు నుంచి పంటివైద్యం మాటెత్తితే చేయి ఊపేవారు.

అతను చెప్పిన మాటలో సగం నిజమున్నది, అది గమనించాలి. ఆక్సిజన్ తనంతట తాను మండదు. కానీ పక్కనున్న దాన్ని భగ్గుమనిపిస్తుంది. 1967లో అమెరికాలో అపోలో అంతరిక్ష నౌకను నేలమీద పరీక్షిస్తుండగా, లోపల నిండిన స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో చిన్న నిప్పురవ్వ లేచి ముగ్గురు వ్యోమగాములు కాలిపోయారు. పంటి గదిలో భయపడవలసింది మూడింటికి: చిగురు కాల్చే విద్యుత్ కత్తి, లేజరు, స్పిరిటు దీపం. ఈ మూడోది మనవంటి పళ్లు లేనివాళ్లకు ముఖ్యం. కట్టుడు పళ్లకు కొలత తీసేటప్పుడు మైనం కరిగించడానికి డాక్టరు స్పిరిటు దీపం వెలిగిస్తాడు. గొట్టం పెట్టుకున్న మనిషి పక్కన అది వద్దు, వేరే గదిలో కరిగించుకు రమ్మనాలి. గడ్డం, శాలువ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుకుంటాయి కాబట్టి, గొట్టం తీసిన వెంటనే అగ్గి దగ్గరికి పోరాదు. ఇరవై నిమిషాలైనా గాలిలో తిరగాలి. ఇది ఇంట్లో దేవుడి దీపానికీ, అగరుబత్తికీ వర్తిస్తుంది. బీడీ సంగతి చెప్పనక్కర లేదు. పెదవులు పగిలాయని వాసెలిన్ వంటి నూనెజిడ్డు కూడా ముక్కు దగ్గర రాయరాదు, నీటితో చేసిన జెల్లీ వాడాలి. మా వదినె అది వినక కొబ్బరినూనె రాస్తుండేది. తరువాత మానేసింది.

అయితే గొట్టం తీసేయడం దానికి మందు కాదు. ఊపిరి జబ్బు మనిషికి నోరు తెరిచి నీళ్లు చిమ్ముతుంటే ఊపిరి ఇంకా తగ్గుతుంది. ఆక్సిజన్ ఇస్తూనే, మంట పెట్టే పరికరాలు మానుకోవడం సరైన దారి. అట్లని నిమిషానికి ఎన్ని లీటర్లని అడగకుండా ఎక్కువ తిప్పడమూ తప్పే. బీడీ ఊపిరితిత్తులవాళ్లకు ఆక్సిజన్ మోతాదు మించితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకొని, మగతగా నిద్రలోకి జారుకోగలరు. 1960లో లండనులో క్యాంప్‌బెల్ అనే వైద్యుడు ఈ ప్రమాదం తగ్గేటట్టు కొలిచి ఇచ్చే పద్ధతి చూపించాడు. అందుకే అటువంటి రోగుల రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం దగ్గర ఉంచమని ఈనాటి వైద్యులు చెబుతారు. నూటికి నూరు రావాలని మనం తాపత్రయపడకూడదు. వేలికి తగిలించే ఆ చిన్న మిషను మూలసూత్రాన్ని 1974లో జపానులో అయోయగి అనే ఇంజనీరు ప్రకటించాడు. లారీ కళ్లతో చూసి చెప్పమన్న ఊపిరి సంగతిని ఇప్పుడు అది అంకెలో చెబుతుంది. చేతులు చల్లబడితే, గోరింట నల్లగా పండితే తప్పు చెబుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

రెండవసారి బయలుదేరడానికి నేను అన్నను నెల రోజులు బ్రతిమాలాను. ఈసారి నిర్మల్‌లో ఒక డాక్టరమ్మ ఉందని, ఇటువంటి రోగులను చూస్తుందని ఒక మిత్రుడు చెప్పాడు. ముందే ఫోను చేశాను. "రాగానే చూడనండి, ముందు ఛాతీ డాక్టరు గారి చీటీ తెండి" అన్నది. జబ్బు పేరు, ఎన్ని లీటర్లు, ఎంత శాతం ఉంచాలి, ఏ మందులు వాడుతున్నారు, ఈ నెలలో జబ్బు ముదిరిందా. ఇవన్నీ ఆ చీటీలో కావాలన్నది. ఉబ్బసం పీల్చే మందు వెంట తెమ్మన్నది. ఉదయం దగ్గు కఫం పోయినాక, పది గంటల తరువాత రమ్మన్నది. నాకు ఆ అమ్మ ఫైలు నడిపే పద్ధతి తెలిసిన మనిషిలా కనిపించింది.

ఆనాడు నావల్ల జరిగిన తప్పు చెప్పాలి. ప్రయాణానికి తీసుకున్నది చిన్న సిలిండరు. అది నిండుగా ఉంటే 750 లీటర్లు. ముల్లు సగంలో ఉన్నది, అంటే 375. నిమిషానికి 2 లీటర్లయితే మూడు గంటలకు పైగా వస్తుంది. అదే ధీమాతో బయలుదేరాను. కారెక్కేటప్పుడు అన్నకు ఆయాసం వస్తే, నేనే మీట తిప్పి 3 చేశాను. మళ్లీ తగ్గించడం మరిచాను. నిర్మల్ నలభై కిలోమీటర్ల పైచిలుకు. దారిలో గంట దాటింది, అక్కడ మా వంతు రావడానికి ఇంకొక గంట. 375ను 3తో భాగిస్తే 125 నిమిషాలు. జీవితమంతా బిల్లుల మొత్తాలు సరిచూసిన నేను ఆ భాగహారం చేయలేదు. కుర్చీ ఎక్కేముందు ముల్లు ఎర్రగీతలోకి పోయింది. అన్న నా వంక చూశారు. ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

డాక్టరమ్మ దగ్గర సొంత సిలిండరు ఉన్నది కాబట్టి గండం గడిచింది. ఆమె మీట మళ్లీ 2 దగ్గర పెట్టించింది. "ఎక్కువ పెట్టినంత మాత్రాన మంచిది కాదండీ పెద్దనాయనా" అని నాతోనే అన్నది. కుర్చీని పడుకోబెట్టలేదు, సగం వాల్చి ఆపింది. వేలికి మిషను పెట్టి అంకె ప్రతి అయిదు నిమిషాలకూ చదివించింది. అంకె 90 దగ్గర నిలిచింది. పన్ను ఉన్న పక్కనే ఒక సూది వేసింది. రెండు పక్కలా ఒకేసారి మొద్దుబరిస్తే గొంతు మందమైనట్టు తోచి ఊపిరి జబ్బువాళ్లు భయపడతారట. నైట్రస్ ఆక్సైడు గాని, నిద్రబిళ్ల గాని ఇటువంటి రోగులకు ఆమె ఇవ్వదట. మధ్యలో రెండుసార్లు ఆపి ఉమ్మనిచ్చింది, మాట్లాడించింది. పన్ను ఊడి వచ్చింది. అంతా ఇరవై అయిదు నిమిషాలు. వెల్స్ పన్ను తీసిననాటి నుంచి నూటడెబ్బై ఎనిమిదేళ్లకు, మా అన్న పన్ను ఊడింది!

నొప్పి మందు వ్రాసేటప్పుడు ఆమె మందుల చీటీ మళ్లీ అడిగింది. అన్న డెరిఫిలిన్ వాడేవారు. ఎరిత్రోమైసిన్ జాతి మాత్రలు దానితో కలిస్తే రక్తంలో డెరిఫిలిన్ పెరిగి గుండెదడ, వాంతులు వస్తాయట. ఆ సంగతి చూసుకొని వేరేది వ్రాసింది. మగత తెచ్చే నొప్పి మందులూ వ్రాయలేదు, అవి ఊపిరిని మందగిస్తాయి. పెద్ద మాత్రల వంటి మనుషులం మనం. ఒక్కొక్కరి జేబులో ఎన్ని చీటీలున్నాయో మనకే తెలియదు. అన్నీ ఒక కవరులో పెట్టుకుని పోవడం మంచిది. ఇంకొక మాట చెప్పింది. స్టెరాయిడ్ పీల్చుడు మందు వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించాలి, లేకుంటే నాలుక మీద తెల్లపూత వస్తుంది. ముక్కులో గొట్టం వల్ల నోరెండితే పండ్లు త్వరగా పుచ్చుతాయి. ఆరు నెలలకోసారి పండ్లు చూపించుకుంటే పీకే దాకా రాదు. అన్నకు ఈ మాటలు ఎవరూ ముందు చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో సిలిండరు నింపించుకొని, ముల్లు చూసి, భాగహారం చేసి కాగితం మీద వ్రాసి జేబులో పెట్టుకున్నాను. కారు భైంసా చేరేదాకా అన్న మాట్లాడలేదు, నోట్లో దూది ఉన్నది. దిగేటప్పుడు మాత్రం నా జేబు వైపు చూపించి వేలితో భాగహారం గుర్తు వేసి నవ్వారు.

ఇప్పుడు నిర్మల్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. ఆదిలాబాదులో రిమ్స్ 2008 నుంచి ఉన్నది. 2016లో నిర్మల్ జిల్లా ఏర్పడినాక మన భైంసా ఆ జిల్లాలోకి వచ్చింది. ఆదిలాబాదు దాకా పోకుండానే కొన్ని పనులు అవుతున్నాయి. ఆక్సిజన్ మీద ఉన్న రోగికి పంటివైద్యం మాత్రం ఎక్కడ జరుగుతుందో ముందుగా ఫోనులో అడిగి పోవలసిందే. మన సంఘం దగ్గర సభ్యుల వివరాల పుస్తకం ఉన్నది. ఎవరింట్లో కాన్‌సెంట్రేటర్ ఉన్నదో ఒక గడి అందులో పెట్టమని నేను కార్యదర్శిగారికి మౌఖికంగా చెప్పాను. వ్రాతపూర్వకంగా ఇమ్మన్నారు. ఇదిగో ఇచ్చాను.

అన్న ఆ తరువాత ఏడాదిన్నర ఉన్నారు. పన్ను పీకించిన పదో రోజు మా ఇంటికి కబురు పెడితే వెళ్లాను. మంచం మీద కూర్చొని జొన్నరొట్టె తుంచి పప్పులో అద్దుకొని తింటున్నారు. ముక్కున గొట్టం, పక్కన మిషను గుయ్యిమంటున్నది. "వదినె రెండోది కాలుస్తున్నది, కూర్చో" అన్నారు. కూర్చున్నాను.